ప్లాస్మా నీరు - పైరుకు ఎంత మేలు?

ఉరుములు, మెరుపులతో వాన కురిసిన పిదప పైరు పచ్చబడుట రైతులు ఎరిగినదే. గాలిలో నూటికి 78 వంతులు నత్రజని కలదు. కాని పైరులు దానిని నేరుగా తీసికొనజాలవు. మెరుపు వేడికి కొంత నత్రజని ప్రాణవాయువుతో కలిసి, వాన నీటిలో కరిగి, నైట్రేటు రూపమున నేలకు చేరును.

ప్లాస్మా నీటి తయారీలో జరుగునదియు ఇదియే. గాలిగుండ విద్యుత్తును ప్రసరింపజేసి పరికరములో చిన్న మెరుపును పుట్టింతురు. ఆ స్థితిలోనున్న వాయువునే ప్లాస్మా అందురు. అది సోకిన నీటిలో నైట్రేటు, నైట్రైటు, హైడ్రోజన్ పెరాక్సైడు చేరును. నీటికి ఆమ్లగుణము వచ్చును.

ఇందలి మూలసూత్రము పాతదే. 1905లో నార్వే దేశమున నోటొడెన్ వద్ద విద్యుత్ జ్వాలతో గాలినుండి ఎరువు తయారుచేసిరి. జలపాతముల విద్యుత్తు అచట చౌకగా దొరకెను. అయినను, 1913లో జర్మనీలో తక్కువ శక్తితో నత్రజనిని పట్టు హేబర్-బాష్ పద్ధతి వాడుకలోనికి వచ్చిన పిదప అది క్రమముగా మూలబడెను. ఇప్పుడు చిన్న పరికరములతో ఈ విధానమును అనేక దేశములలో మరల పరిశోధించుచున్నారు. మన దేశమున గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధనా సంస్థ ఈ కృషి చేసినది.

పరికరము కొనుటకు ముందు ఈ లెక్క చూచుకొనవలెను. లీటరుకు 100 మిల్లీగ్రాముల నైట్రేటున్న నీరు 1,000 లీటర్లు పెట్టినచో పైరుకు అందు నత్రజని సుమారు 23 గ్రాములు మాత్రమే. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని కలదు. ఆ బస్తాకు సరితూగుటకు సుమారు 9 లక్షల లీటర్లు, అనగా ఎకరమునకు తొమ్మిది అంగుళముల తడి కావలెను. కావున నాలుగు ట్యాంకులు పిచికారి చేసి యూరియా మానుట తగదు. భాస్వరము, పొటాషు, జింకు ఈ నీటివలన చేరవు.

కొన్ని ప్రయోగములలో ఈ నీట నానిన విత్తనములు త్వరగా మొలకెత్తినవి. కాని ఘాటెక్కువైనచో మొలకకు హాని కలుగును. నైట్రైటు మించినచో వేళ్లు దెబ్బతినును. నిలువయుంచిన కొలది పెరాక్సైడు తగ్గిపోవును.

పరీక్షించగోరువారు ఒకే మడిని మూడు భాగములు చేయవలెను. ఒకదానికి మామూలు నీరు, రెండవదానికి ప్లాస్మా నీరు, మూడవదానికి అంతే నత్రజని వచ్చునట్లు కాల్షియం నైట్రేటు కలిపిన నీరు పెట్టవలెను. రెండవది, మూడవది సమముగా పెరిగినచో ఆ మేలు నత్రజనిదే యని గ్రహింపవచ్చును. అమ్మువారిని లీటరుకు నైట్రేటు ఎంత, నైట్రైటు ఎంత, 1,000 లీటర్లకు కరెంటు ఎన్ని యూనిట్లని అడుగుడు. ఈ మూడు అంకెలు చెప్పనివారి వద్ద కొనకుండుటయే మేలు.