పిల్లి కంటికి కనపడని మొహం

జంతువులకు కులం లేదు, ఊరు లేదు. కార్టూన్లో వాటికి మాటలు పెట్టేది మనుషులు. ఆ మాటల వెంటే అన్నీ వచ్చి చేరతాయి.

పొన్నూరులో మా ఇంట్లో ఆదివారం పొద్దున టీవీ పిల్లలది. పాత ‘టామ్ అండ్ జెర్రీ’ వస్తోంది. ఒకావిడ చీపురుతో పిల్లిని తరుముతోంది. తెరమీద ఆవిడ కాళ్లూ చెప్పులే. మిరపకాయల తొడిమలు తీస్తున్న మా అమ్మ తలెత్తింది. “ఆ పనిమనిషికి మొహం లేదేంట్రా?”

“పిల్లి కంటికి అంతే కనపడుద్ది నాన్నమ్మా” అంది మా అమ్మాయి.

సగం నిజమే. ఎంజీఎం స్టూడియో 1940లో మొదలుపెట్టిన ఆ వరుసలో ఆవిడ నల్లజాతి స్త్రీ. మామీ టూ షూస్ అంటారు. గొంతు నల్లజాతి నటి లిలియన్ రాండాల్ఫ్‌ది. 1950 నాటి ఒక చిత్రంలో పరుగెత్తుతుంటే ఆ మొహం క్షణకాలం కనిపిస్తుంది, అంతే. నిరసనలు వచ్చాయి. 1952 తర్వాత ఆ పాత్రే లేదు. 1960ల్లో టీవీ కోసం కొన్నింట్లో ఆమెను చెరిపి తెల్లావిడను గీశారు.

ఎలుక ఎవరిది?

డిస్నీ ‘డంబో’ (1941)లో కాకుల గుంపు నల్లవాళ్ల యాసలో మాట్లాడుతుంది. పెద్ద కాకికి గొంతు మాత్రం తెల్లజాతి గాయకుడు క్లిఫ్ ఎడ్వర్డ్స్‌ది.

మెక్సికో ఎలుక స్పీడీ గొంజాలెజ్ కథ ఇంకో తీరు. 1955లో వచ్చిన దాని చిత్రం ఆస్కార్ గెలిచింది. తోటి ఎలుకల్ని సోమరులుగా, తాగుబోతులుగా చూపించారన్న విమర్శతో అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్ 1999లో పక్కన పెట్టింది. తీరా దాన్ని తిరిగి వేయమని పట్టుబట్టినవాళ్లలో లాటిన్ అమెరికన్ల సంఘమే ఉంది. పిల్లిని ఏడిపించి గెలిచేది తమ ఎలుకే కదా! 2002లో మళ్లీ తెరకెక్కింది.

మన కాకి, మన గాడిద

మా ఊళ్లో 24 అడుగుల ఆంజనేయస్వామికి రోజూ మొక్కుతాం. కిష్కింధకాండలో ఆ వానరుడి మాటలో ఒక్క తప్పూ దొర్లలేదని రాముడే లక్ష్మణుడితో మెచ్చుకుంటాడు. కానీ సంస్కృత నాటకాల్లో రాజుది సంస్కృతం, దాసీది ప్రాకృతం. చిన్నయసూరి 1853లో ‘నీతిచంద్రిక’ రాసినప్పుడు మాత్రం కాకి, ఎలుక, తాబేలు, జింక అన్నీ ఒకే గ్రాంథికం మాట్లాడాయి. భాషలో ఎవరూ తక్కువ కాలేదు.

తర్వాత మన సినిమా ఆ పాత నాటకాల దారే పట్టింది. హీరోది పుస్తకాల తెలుగు, నౌకరుది శ్రీకాకుళం యాస, రౌడీది తెలంగాణ యాసో సీమ యాసో. నవ్వించాలంటే యాస. బొమ్మల కాకుల్ని తప్పుపట్టే ముందు మనం చూసుకోవాల్సింది ఈ అద్దమే.

అలాగని ‘నీతిచంద్రిక’లోలా మాట సమానమైనంత మాత్రాన కథ సమానమైపోదు. హితోపదేశంలో చాకలి ఇంట్లో దొంగ పడతాడు. కుక్క అరవదు. యజమాని సరిగా తిండి పెట్టడం లేదని దాని అలక. గాడిద ఆగలేక ఓండ్ర పెడుతుంది. నిద్ర చెడిన యజమాని దాన్ని చావగొడతాడు. నీతి: ఎవరి పని వాళ్లే చేయాలి. పుట్టుకతోనే పని అంటగట్టే సమాజంలో ఆ నీతి ఎవరి మీద వాలుతుందో వేరే చెప్పాలా?

ఆ రాత్రి మా అమ్మాయికి ఈ కథే చెప్పాను. నీతి దాకా రానివ్వలేదు.

“దొంగొచ్చాడని చెప్తే కొడతారా?”

పక్కమంచం మీంచి మా అమ్మ అందుకుంది. “అరవని కుక్కకి మాత్రం ఒక్క దెబ్బా లేదు చూడు.”