వసారాలో వడ్రంగి బల్ల

ఇంట్లో సరదాగా వడ్రంగం మొదలుపెట్టాలనుకునేవారు ముందుగా మిషన్ల ధరలు అడుగుతారు. నేను బల్ల సంగతి చెబుతాను. మా పెరటి వసారాలో ఉన్నది ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బల్ల. నిలబడి చేయి కిందికి వదిలితే మణికట్టు దగ్గరికి రావాలని మా ఊరి వడ్రంగి పెద్దాయన చెప్పిన ఎత్తే దానిది. చిత్రిక పడుతుంటే నడుం పట్టేయదు, ఒంటి బరువు పనిముట్టు మీదికే పోతుంది.

రంపం, తోపడా, మూలమట్టం, రెండు మూడు ఉలులు, క్లాంపులు చాలు. సానరాయి మరవద్దు. మొద్దుబారిన ఉలే ఎక్కువ ప్రమాదం. బలం పెట్టబోతే జారుతుంది.

చెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. ఆ మార్పంతా దాదాపు వెడల్పులోనే, పొడవులో కాదు. అందుకే డిపో నుంచి తెచ్చిన పలకల్ని వెంటనే కోయను. మధ్యలో పుల్లలు పెట్టి, గాలాడేలా కొన్ని వారాలు పేర్చి ఉంచుతాను. చేయి తిరిగేదాకా టేకు జోలికి పోవద్దు. పాత తలుపుల చెక్కయితే ముందు మేకులన్నీ లాగేయండి.

చెక్క ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. ఉప్పుకాగితం పట్టేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి, కిటికీలు తెరవండి. పిల్లలున్న ఇంట్లో ఉలులు తాళం పెట్టెలోనే ఉంచండి.