యంత్రముపై సీఈ ముద్ర

అశోక్ చౌక్ సందులలో మరమగ్గముల చప్పుడు నడుమ పెరిగిన పిల్లలకు, దారి తప్పి ఎగిరిన నాడె తగిలినచో దెబ్బ యెట్టిదో మేము వర్ణింపనక్కరలేదు. అట్టి మగ్గమును ఐరోపా సమాఖ్య దేశములలో అమ్మదలచినచో దానిపై 'సీఈ' ముద్ర యుండవలెను. దానిని ప్రభుత్వము వేయునని పలువురు తలంతురు. కాదు, మగ్గమువంటి యంత్రముపై తయారుచేసినవాడే తన పూచీపై వేసికొనును. ముందుగా అపాయములను ఎంచవలెను; నిర్మాణములోనే తొలగింపగలవానిని తొలగింపవలెను; తక్కినవానికి కాపు తొడుగులు బిగింపవలెను; అప్పటికిని మిగిలినదానికే హెచ్చరిక. "జాగ్రత్త" యని పలక తగిలించి ఊరకుండరాదు. మాకు నచ్చినది ఈ వరుసయే.

మన తువాళ్లును సముద్రములు దాటుచున్నవి. కాని ఆ ముద్ర అమ్ముడుపోవు యంత్రమునకే, బట్టకు కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టము తిరుగు భాగములకు కంచె కోరినది. అదియు సాధారణముగా, విద్యుత్తు గల చోట, పదిమంది పనివారైనను ఉన్న కార్ఖానాలకే వర్తించినది. ఇంటిలోని నాలుగు మగ్గములను అడిగినవారు లేరు.