తన వ్రాత తానే దిద్దుకొనుట

“మా అమ్మాయి తెలుగు చక్కగా మాట్లాడుతుందండీ. పది వాక్యాలు వ్రాయమంటే మాత్రం కలం కదలదు” అని తల్లులు మాతో తరచు అంటూ ఉంటారు. మన చూలైలో తరతరాలుగా కాపురముంటున్న తెలుగు కుటుంబాలలో ఇది దాదాపు ఇంటింటి మాట.

కారణం తెలియనిది కాదు. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడులలో ఒకటవ తరగతి మొదలుకొని తమిళం క్రమంగా తప్పనిసరి పాఠమైంది. మనకు నీడనిచ్చిన ఊరి భాష మన పిల్లలు నేర్వవలసిందే. కాని తెలుగు వ్రాతకు బడిలో చోటు తగ్గినప్పుడు దానిని దిద్దేవారు ఎవరు? తండ్రికి తీరిక లేదు. తల్లికి తెలుగు అక్షరాలు సగమే వచ్చు. ఇక మిగిలిన ఉపాయం ఒక్కటే: వ్రాసిన బిడ్డే తన వ్రాతను పరీక్షించుకొనడం నేర్వాలి.

సూళై అంటే తమిళంలో ఇటుకల బట్టీ. మన పేటకు ఆ పేరు అలా వచ్చిందే. ఇటుక కాలిందో లేదో చూడడానికి మేస్త్రీ దానిని తట్టి, మోత వింటాడు. పేరా కూడా అంతే. తట్టి చూడడం తెలిస్తే చాలు, పక్కన పండితుడు అక్కరలేదు.

మేము ఆదివారాలు పిల్లలతో కూర్చున్నప్పుడు అవలంబించే పద్ధతి చెబుతాము. ‘మా వీధి’ అని ఒక అమ్మాయి మొదట ఇలా వ్రాసింది:

“మా వీధి చాలా బాగుంటుంది. మా వీధిలో అన్నీ దొరుకుతాయి. నాకు క్రికెట్టు ఇష్టం. పొద్దున పాలవాడు మరియు పూలావిడ వస్తారు. మా వీధి చాలా బాగుంటుంది.”

మేము ఎఱ్ఱసిరా ముట్టలేదు. కాగితం ఒక వారం దాచిపెట్టి, తిరిగి చేతికిచ్చి పైకి చదవమన్నాము. నిన్నటి వ్రాత మనదిగా కనిపిస్తుంది. వారం కిందటి వ్రాత పరాయివారిదిగా కనిపిస్తుంది. తప్పు పరాయివారిదైతే చప్పున దొరుకుతుంది కదా! తర్వాత నాలుగే ప్రశ్నలు వేసుకోమన్నాము.

మొదటిది: ఈ పేరా ఏమి చెబుతున్నది? ఒక్క మాటలో చెప్పలేకపోతే పేరా ఇంకా పచ్చి ఇటుకే. ఆ పిల్ల ఆలోచించి, “మా వీధి పొద్దున ఎలా లేస్తుందో” అన్నది.

రెండవది: ఏ వాక్యమైనా దారి తప్పిందా? క్రికెట్టు తానే కొట్టివేసింది.

మూడవది: ‘బాగుంటుంది’ అన్నచోట కంటికి, చెవికి ఏమైనా అందుతున్నదా?

నాలుగవది: ఇంట్లో మనం ఇలాగే అంటామా? “పాలవాడు మరియు పూలావిడ” అని ఏ అవ్వా అనదు. పాలవాడూ పూలావిడా అంటుంది.

అక్షరదోషాలు చిట్టచివర. తమిళ లిపిలో త, థ, ద, ధలకు ఒకే అక్షరం గనుక, ఆ లిపికి అలవాటుపడిన మన పిల్లలు ఒత్తుల దగ్గర తడబడతారు. అది తెలివితక్కువ కాదు. తాను తరచు తప్పే మాటలను పుస్తకం వెనుక పేజీలో వ్రాసుకొని సరిచూసుకుంటే చాలు.

ఆ అమ్మాయి రెండవసారి వ్రాసినది ఇది:

“తెల్లవారి అయిదింటికి మా వీధిలో మొదట వినిపించేది పాలవాడి సైకిలు గంట. తర్వాత పూలావిడ కేక. ఆమె తమిళంలో ధర చెబుతుంది, మా అవ్వ తెలుగులో బేరమాడుతుంది. ఇద్దరికీ అర్థమవుతుంది. చివరికి ధర తగ్గదు.”

ఇంటికి వెళ్లి అవ్వకు చదివి వినిపిస్తే, “ధర తగ్గకపోతేనేమే? రెండు మూరలకు జానెడు కొసరు వేస్తుంది, అది వ్రాయవేం?” అన్నదట. మూడవ ప్రతిలో కొసరు చేరింది. ఆ అవ్వకు చదువు రాదు. అయినా ఆ పేరాకు ఆమెకన్న మంచి పరీక్షాధికారి ఎవరు?

పిల్లలు ఏ తెలుగులో వ్రాయాలన్న తగవు ఈ రాష్ట్రానికి కొత్త కాదు. 1912-13లో స్కూలు ఫైనలు వ్యాసపరీక్షను కావ్యభాషలోగాని, ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునని చెన్నపట్నం అధికారులు అనుమతించారు. పండితులు అడ్డుచెప్పగా ఆ వెసులుబాటు కొద్దికాలానికే రద్దయింది. వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తిగారు 1940లో కన్నుమూశారు. నేడు ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఇంటి మాట వ్రాతకెక్కే హక్కు అంత పోరాటం మీద వచ్చింది. దానిని మన పిల్లలు వాడుకోకపోతే ఎలా?

పెద్దలకు మా మనవి ఒకటే. బిడ్డ వ్రాసిన కాగితం చేతికి రాగానే కలం తీయకండి; ఒక ప్రశ్న వేయండి. మొదటి ప్రతిని పారవేయనీయకండి. తేదీ వేసి, రెండవ ప్రతితోపాటు దాచండి. ఆరు నెలల తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, తాను ఎంత దూరం నడిచిందో ఆ బిడ్డకే తెలుస్తుంది. ఆ సంతోషం ఏ మార్కులూ ఇవ్వలేవు.

ఈ ఆదివారమే ఒక పేరాతో మొదలుపెట్టండి. విని సరిచెప్పడానికి ఇంట్లో అవ్వ ఉంటే మరీ మంచిది.