హాజరు పట్టీలో రేపటి ఊరు

మన ప్రబంధాలలో కథకు ముందు ఊరు వస్తుంది. ప్రవరుణ్ణి పరిచయం చేయక పూర్వమే పెద్దన అరుణాస్పదపురాన్ని మన కళ్ళకు కట్టిస్తాడు. కావ్యానికి ఆలంకారికులు చెప్పిన పద్దెనిమిది వర్ణనలలో మొట్టమొదటిది నగర వర్ణనమే. ఇక్కడ ఒక చిత్రమైన పోలిక తోస్తున్నది. 1992 నాటి డెబ్బది నాలుగవ సవరణతో మన రాజ్యాంగంలో చేరిన పన్నెండవ షెడ్యూలు, పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనులను వరుసగా పేర్కొన్నది. అవీ పద్దెనిమిదే, వానిలోనూ మొదటిది పట్టణ ప్రణాళికయే.

అయితే కవి పనికీ పురపాలకుని పనికీ ఒక పెద్ద భేదం ఉన్నది. కవి మేడను ఎక్కడ నిలిపినా ఎవరి చెరువూ పూడదు, ఎవరి పొలమూ పోదు. పురపాలకుడు వర్ణించవలసినది ఇంకా పుట్టని ఊరిని. అతడు కాగితం మీద ఒక గీత తప్పుగా గీస్తే మూడు తరాలవారు ఆ తప్పులోనే కాపురం చేయవలసి వస్తుంది. ఈ విషయం ఆత్మకూరును తలచుకున్నప్పుడల్లా నా మనస్సులో మెదలుతూ ఉంటుంది.

ఆత్మకూరు అనే పేరు తెలుగు దేశంలో ఒక్క ఊరిది కాదు. నెల్లూరు సీమలో ఒకటి ఉన్నది. నంద్యాల చెంత బండి ఆత్మకూరు ఉన్నది. నేను చెప్పేది నల్లమల అంచున, కర్నూలు–గుంటూరు బాట మీద ఉన్న ఆత్మకూరును గురించి. 1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఈ ఆత్మకూరు మీదుగానే శ్రీశైలం వెళ్ళారు. ఆనాడు ఈ సీమ కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉండేది. 1839లో గాని కుంపిణీ వశం కాలేదు. శ్రీశైల యాత్రికునికి ఇది అడవి ముంగిట మజిలీ. ఈనాటికీ ఉగాదికి కన్నడ దేశం నుంచి కాలినడకన వచ్చే భక్తులు ఈ ప్రాంతం మీదుగానే వచ్చి, వెంకటాపురం దగ్గర అడవిలో ప్రవేశించి, నాగలూటి, పెచ్చెరువు దాటి కొండ ఎక్కుతారు.

ఆ మజిలీ ఊరు క్రమంగా పట్టణమైనది. పురపాలక సంఘం వచ్చినది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు రెవెన్యూ డివిజనుకు కేంద్రమయినది. కచేరీ వచ్చిన ఊరికి ఉద్యోగులూ, వారి వెంట బడిపిల్లలూ, వారి కోసం అద్దె ఇళ్ళూ, అంగళ్ళూ రావడం లోకసహజం. ఈ రాక చెప్పి రాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించి కర్నూలు రాజధాని అయినప్పుడు, చాలినన్ని భవనాలు లేక కచేరీలను గుడారాలలో నడుపవలసి వచ్చినది. రాజధానికే అటువంటి అవస్థ తప్పలేదంటే చిన్న పట్టణాల సంగతి వేరే చెప్పాలా?

అయినా పెరుగుదలలో చెప్పకుండా వచ్చే భాగం కొంతయే. అధిక భాగం ముందుగానే చెప్పి వస్తుంది. ఆ లెక్క ఉపాధ్యాయుని హాజరు పట్టీలో ఉన్నది. ఈ ఏడు ఒకటవ తరగతిలో పేరు వ్రాయించుకున్న పిల్లవాడు ఇరవై ఏళ్ళకు తనదంటూ ఒక ఇల్లు కావాలంటాడు. పట్టణ ప్రణాళిక చూడవలసినది కూడా ఇంచుమించుగా ఆ ఇరవై ఏళ్ళ దూరమే. కనుక హాజరు పిలిచే ప్రతి ఉదయమూ ఉపాధ్యాయుడు తెలియకుండానే రేపటి ఊరి జనాభాను చదువుతున్నాడన్నమాట.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. తరగతిలో ముప్పది మంది పిల్లలున్నారనుకోండి. వారికి ముప్పది ఇళ్ళు అక్కరలేదు. కొందరు తల్లిదండ్రుల ఇంటనే ఉంటారు, కొందరు వలసపోతారు, కొందరు పెళ్ళిళ్ళయి ఒక ఇంటివారవుతారు. పదిహేను కొత్త ఇళ్ళు కావాలనుకుందాం. ఒక ఎకరం అంటే నూరు సెంట్లు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. ఆ నూరింటిలో బాటలకు ముప్పది సెంట్లు, అందరూ వాడుకునే ఖాళీ స్థలానికి పది సెంట్లు విడిస్తే, ఇళ్ళకు మిగిలేది అరవై. ఇంటికి రెండు సెంట్ల చొప్పున పదిహేను ఇళ్ళకు ముప్పది సెంట్లు, అంటే అర ఎకరం భూమి. ఒక్క బడిలోని ఒక్క తరగతికి ఒక్క ఏటికి కావలసినది ఇది. ఇరవై ఏళ్ళకు పది ఎకరాలు. ఊరిలో ఎన్ని బడులున్నవో, ఎన్ని తరగతులున్నవో పాఠకులే హెచ్చవేసుకోవచ్చును.

రెండు సెంట్లని నేను ఊరికే అనలేదు. 2020 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం పేదలకు ఇళ్ళ పట్టాలు పంచినప్పుడు పట్టణాలలో ఒక సెంటు, పల్లెలలో సెంటున్నర చొప్పున ఇచ్చినది. ఒక సెంటులో ఒక కుటుంబం ఎట్లా ఇముడుతుందని చాలామంది అడిగారు. అడగడం న్యాయమే. 2025లో ఆ తరువాతి ప్రభుత్వం పట్టణాలలో రెండు, పల్లెలలో మూడు సెంట్లుగా నిర్ణయించినది. మనిషికి కాళ్ళు చాచుకునే చోటు ఉండాలి గదా అని సంతోషిస్తాం. కాని స్థలం రెండింతలైతే కావలసిన భూమి కూడా రెండింతలవుతుంది. ఆ భూమిని ఎక్కడి నుంచి తెస్తాం?

తూర్పున ఉన్నది నల్లమల. దేశంలోని పులుల అభయారణ్యాలలో విస్తీర్ణంలో మొదటిదైన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం అక్కడ ఉన్నది. ఆత్మకూరు అటవీ డివిజను అందులోని భాగమే. 2023 మార్చిలో, ఇక్కడికి చేరువలోని కొత్తపల్లె మండలం పెద్ద గుమ్మడాపురంలో నాలుగు ఆడ పులికూనలు కనిపించినవి. వానిని తల్లితో చేర్చాలని అటవీ శాఖవారు ఎంత ప్రయత్నించినా సాధ్యపడలేదు. చివరికి తిరుపతి జంతు ప్రదర్శనశాలకు పంపారు. అడవికీ ఊరికీ నడుమ ఉండవలసిన ఎడం ఎంత తగ్గినదో చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం ఏమి కావాలి? పైగా ఆ అడవి పులులకే గాక చెంచులకూ ఇల్లు.

పోనీ, చెరువులూ వాగులూ ఉన్న పల్లపు నేలలోకి పోదామా? నల్లమలలో పుట్టిన భవనాశి ఈ సీమ గుండానే సంగమేశ్వరానికి సాగిపోతుంది. ఎండాకాలంలో వాగు పొలంలాగానే కనిపిస్తుంది. రాళ్ళు పాతి గీతలు గీస్తే ఇళ్ళ స్థలంలాగా కూడా కనిపిస్తుంది. నీటి జ్ఞాపకశక్తి మాత్రం మన జ్ఞాపకశక్తికన్న గట్టిది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు పాతబస్తీని ముంచివేసిన తీరు ఈ జిల్లాలవారు మరచిపోరాదు.

ఇక మిగిలినవి పంట పొలాలు. అవీ కొంత పోక తప్పదు. ఎంత పోవాలి, ఏవి పోవాలి అన్నది ముందుగా నిర్ణయించకపోతే ఆ నిర్ణయం స్థలాల వ్యాపారి చేస్తాడు. అనుమతి లేకుండా వేసిన లేఅవుట్లను క్రమబద్ధం చేయడానికి మన రాష్ట్రంలో 2007 చివర ఒకమారు, 2020లో ఒకమారు, 2025లో ఒకమారు నిబంధనలు వచ్చినవి. మరల మరల మన్నించవలసి వచ్చిన తప్పు అలవాటయిందనే అర్థం. అపరాధ రుసుము బొక్కసం నింపగలదు గాని, ఇరుకు సందును వెడల్పు చేయలేదు. మంచాన పడ్డ ముసలమ్మను ఎత్తుకుపోవడానికి బండి రాలేని వీధికి రసీదు ఎందుకు పనికివస్తుంది?

పై నుంచి గీసిన గీత ఎట్లా ఉంటుందో ఈ సీమవారికి వేరొకరు నేర్పనక్కరలేదు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు కింద కర్నూలు, మహబూబునగరం జిల్లాలలో సుమారు వంద గ్రామాలు మునిగినవి. 1981లో ఆ గ్రామాలను ఖాళీ చేయించారు. మునిగే గుళ్ళలో కొన్నింటిని విప్పి, అలంపురంలోనూ కర్నూలు దగ్గరి జగన్నాథగట్టు మీదా తిరిగి నిలిపారు. అది మెచ్చదగిన పనియే. ఏ రాయి ఎక్కడ ఉండాలో లెక్క తప్పలేదు. కాని ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండేదో, ఏ అరుగు మీద ఎవరు కూర్చునేవారో ఆ లెక్క ఎవరు వ్రాసిపెట్టారు? గుడికి పట్టిన శ్రద్ధ ఊరికి పట్టలేదని నిర్వాసితులు అంటే కాదనడం కష్టం. ఆ ప్రాజెక్టు నీళ్ళు, కరెంటు ఇచ్చిన మాట నిజమే. ఆ నిర్ణయంలో మునిగేవారి మాట చెల్లలేదన్నదీ అంతే నిజం.

పట్టణ ప్రణాళిక విషయంలో మన మాటకు చోటు ఉన్నది. ముసాయిదాను ప్రకటించి, ఆక్షేపణలూ సూచనలూ కోరడం పద్ధతి. కాని ఆ పటాన్ని చదవగలిగినవారు ఎందరు? పసుపు రంగు ఇళ్ళకనీ, ఆకుపచ్చ ఖాళీ జాగాకనీ తెలిసినవాడే ఆక్షేపణ వ్రాయగలడు. చదవలేనివాడు తన ఇంటి మీదుగా బాట పోతున్నదని గొలుసు పట్టుకొని కొలతలవారు వచ్చిన రోజున తెలుసుకుంటాడు. ప్రణాళికలు సరళమైన తెలుగులో, వార్డు వార్డుకూ, అందరికీ కనబడే చోట ఉండాలని కోరడం మన హక్కు.

ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. పటం చదవడం మన బడులలో చెప్పే పాఠమే గదా. అమెజాను నది ఎక్కడ పుట్టినదో చెప్పే పిల్లవానికి, తన వీధి వాన నీరు ఏ చెరువుకు పోతున్నదో కూడా చెప్పడం నేర్పండి. తరగతిని ఒక శనివారం ఊరిలోకి తీసుకుపోయి, ఏ బాట ఎన్ని అడుగులున్నదో, ఎక్కడ వాగు పూడినదో, ఊరి నడుమనే ఎన్ని స్థలాలు ఖాళీగా పడి ఉన్నవో వ్రాయించండి. ఆ ఖాళీ స్థలాలలో ఇళ్ళు లేస్తే ఆ మేరకు పొలం మిగులుతుంది. పిల్లలు గీసిన ఆ పటాన్ని, ముసాయిదా వచ్చిన రోజున, దాని పక్కన పెట్టి చూడండి. రెండూ కలవని చోట ఒక అర్జీ వ్రాయించండి. వ్యాస రచనకు అంతకన్న మంచి అంశం నాకు తోచడం లేదు. ఆ అర్జీకి జవాబు ఎప్పుడు వస్తుందో చెప్పలేను గాని, అందులో అడిగిన ఊరిలో కాపురముండవలసినవారు మాత్రం దాన్ని వ్రాసిన పిల్లలే.