శబ్దం చదువు: ఇంటర్‌లోనే తేలిపోయే సంగతి

కాళేశ్వరం ఘాట్ల దగ్గర జనం పోగైన రోజు మైకు ప్రకటన విని చూడండి. దగ్గరి స్తంభం నుంచి మాట ముందు వస్తుంది, దూరపు స్తంభం నుంచి అదే మాట వెనక వస్తుంది, ఒకదాని మీద ఒకటి పడి ఏదీ అర్థం కాదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే వెళ్తుంది. 170 మీటర్లు ఎక్కువ దూరంలో ఉన్న స్పీకరు మాట అర సెకను ఆలస్యం. దగ్గరి స్పీకరుకు కూడా అంతే ఆలస్యం పెడితే రెండూ కలిసిపోతాయి. మన మైకు సెట్టు కుర్రాళ్లు చెవితోనే ఎంతో నేర్చుకున్నారు. ఈ లెక్క చెప్పే చదువు మాత్రం వాళ్లకు అందలేదు.

ఆ చదువు పేరు సౌండ్ రికార్డింగ్. పేరు వినగానే కొందరు దాతలు "పాటల చదువుకు మన డబ్బా?" అంటారు. నిజానికి ఇందులో పాడటం లేదు. మైకు ఎక్కడ పెట్టాలి, గది గోడలు శబ్దాన్ని ఎలా తిప్పికొడతాయి, గాలి హోరులోంచి మాటను ఎలా బయటికి తీయాలి, విడివిడిగా తీసిన శబ్దాలను ఎలా కలపాలి, ఇదీ పాఠం. వార్తలు, డాక్యుమెంటరీలు, చూపు లేనివారికి చదివి వినిపించే పుస్తకాలు, అన్నిటికీ ఈ పనివాళ్లే కావాలి.

కేరళలోని విళక్కుపార అనే పల్లెలో పుట్టిన రసూల్ పూకుట్టి సంగతి చూడండి. తండ్రి ప్రైవేటు బస్సులో టికెట్ చెకర్. ఊళ్లో కరెంటు లేదు, కిరోసిన్ దీపం ముందు చదువు. కాయంకుళంలోని మిలాదె షరీఫ్ మెమోరియల్ కాలేజీలో ఫిజిక్స్ డిగ్రీ చేశారు. తర్వాత పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి 1995లో బయటికొచ్చారు. 2009లో స్లమ్‌డాగ్ మిలియనీర్ సినిమా సౌండ్ మిక్సింగ్‌కు మరో ఇద్దరితో కలిసి ఆస్కార్ అందుకున్నారు. అంతా బహుమతి సంగతే చెప్పుకుంటారు. నాకైతే ఆ ఫిజిక్స్ డిగ్రీయే అసలు ముచ్చట.

ఎందుకంటే పుణెలో, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో మూడేళ్ల సౌండ్ కోర్సుకు డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు, కానీ ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలి. ఫీజు తక్కువనో, తోటివాడు చేరాడనో సీఈసీ తీసుకున్న పిల్లవాడికి ఆ దారి పదహారేళ్లకే మూసుకుపోతుంది. అలా మూసుకుపోయిందని కూడా వాడికి తెలియదు. డిగ్రీ అయ్యాక మనం ఎంత డబ్బిచ్చినా ఆ ఫిజిక్స్ తెచ్చివ్వలేం.

కాబట్టి సాయం మొదలవ్వాల్సింది పదో తరగతి ఫలితాల వారంలో. ఆసక్తి ఉన్నవాడికి ఎంపీసీ ఫీజు, రెండేళ్ల ట్యూషన్. డిగ్రీలో ఉండగా మంచి హెడ్‌ఫోన్లు, సొసైటీ ఆఫీసులో ఒక కంప్యూటర్. ఆపైన ప్రవేశ పరీక్ష ఫీజు, రైలు ఖర్చు. ఈ ఏడాది స్కాలర్‌షిప్ ఫారంలో ఇంటర్ గ్రూపు గడి పక్కనే ఇంకో ప్రశ్న వేయమని కమిటీని అడుగుతున్నాను: మైకు పని, రికార్డింగు మీద నీకు ఇష్టం ఉందా?