రవికి గ్రీన్, లక్ష్మికి రెడ్: మన టెస్ట్‌లో తెలుగు ఎందుకు పగిలింది?

ఈరోజు నేను చేసిన ఒక వెధవ పని చెప్తాను, మీరు చేయకండి.

కాలేజీ ఫెస్ట్ సర్టిఫికెట్ల కోసం పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాను. పేర్లన్నీ తెలుగులో, ఒక టెక్స్ట్ ఫైల్‌లో. నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో టెస్టులన్నీ పాస్. ఫ్రెండ్ విండోస్ ల్యాప్‌టాప్‌లో మాత్రం యూనికోడ్ డీకోడ్ ఎర్రర్. విచిత్రం ఏంటంటే, ఫైల్‌లో రవి ఒక్కడే ఉంటే ఎర్రర్ రాదు. లక్ష్మిని చేర్చామా, వచ్చేస్తుంది!

ఎందుకో చూడండి. ఫైల్ ఉన్నది యూటీఎఫ్-8లో. అందులో తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకీ, పొల్లుకీ తలా 3 బైట్లు. ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైల్ ఓపెన్ చేస్తే లైనక్స్‌లో మామూలుగా యూటీఎఫ్-8 అనే అనుకుంటుంది. విండోస్‌లో సిస్టమ్ సెట్టింగ్ చూసుకుంటుంది. అక్కడ ఉన్నది విండోస్-1252, అంటే పశ్చిమ యూరప్ భాషల పట్టిక. బైట్‌కి ఒక అక్షరం. పైగా అందులో 5 గళ్లు ఖాళీ: 129, 141, 143, 144, 157. మన పొల్లు బైట్లేమో 224, 177, 141. చివరిది సరిగ్గా ఖాళీ గడి! ఒత్తు రావాలంటే లోపల పొల్లు ఉండాల్సిందే, అందుకే లక్ష్మి దగ్గర ఆగిపోయింది. ఏ, ఐ, ఝ అక్షరాలకీ ఇదే గతి.

మరి రవిని బాగా చదివిందా? లేదు. 9 పిచ్చి గుర్తులుగా చదివింది. మధ్యలో డిగ్రీ గుర్తులు, చివర తలకిందుల ప్రశ్నార్థకం. ఎర్రర్ రాలేదంతే.

నేనేం చేశానంటే, ఎర్రర్స్ దగ్గర ఇగ్నోర్ అని పెట్టేశా. టెస్ట్ గ్రీన్! ఎందుకంటే నా టెస్ట్ పేర్లు ఎన్నో లెక్కపెడుతుంది, పేరేంటో చూడదు. ప్రింట్ తీసింది ఆ విండోస్ ల్యాప్‌టాప్ నుంచే. 40 కలర్ సర్టిఫికెట్లు, ఒక్కదాని మీదా మనిషి పేరు లేదు. డబ్బులు మా జేబులోవే.

ఇప్పుడు చదివేటప్పుడూ రాసేటప్పుడూ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఓపెన్‌లోనే రాస్తున్నా. ఎక్కడ మర్చిపోయామో చూపించే వార్నింగ్ ఆప్షన్ పైథాన్ 3.10 నుంచి ఉంది, ఆన్ చేసుకోండి. 3.15 నుంచి యూటీఎఫ్-8నే డీఫాల్ట్ చేయాలని నిర్ణయించారు గానీ, మీ ల్యాబ్‌లో ఏ వెర్షన్ ఉందో మీకే తెలియాలి.

ఇంకోటి, స్క్రీన్ మీద ఖాళీ పెట్టెలు కనిపిస్తే అది చాలాసార్లు ఫాంట్ గొడవ, డేటా బాగానే ఉండొచ్చు. డిగ్రీ గుర్తులు వరస కట్టాయంటే మాత్రం ఎన్‌కోడింగే.

నా టెస్ట్ ఫైల్‌లో ఇప్పుడు మొదటి పేరు లక్ష్మి, రెండోది ఐశ్వర్య. పేరుకి పేరు పోల్చి చూస్తున్నా.